నంబర్ ని పక్కన పెట్టే డాక్యుమెంట్ లో సెక్యూరిటీ రివ్యూకి ఏటుంది? – నా సమాధానం

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. గునుపూర్ లో ఇంజనీరింగ్ ఫైనలియర్, మీ సార్ క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో ఆర్ఎఫ్సీ (ఇంటర్నెట్ ఎలా నడవాలో రాసే డాక్యుమెంట్, ఒక్కోదానికీ ఒక నంబరుంటాది) ఇచ్చి సెక్యూరిటీ రివ్యూ రాసుకు రమ్మన్నారు, నీకు 7300 వచ్చింది, తీసి చూస్తే చిన్న డాక్యుమెంట్, రెండు ఏఎస్ నంబర్లని (నెట్వర్క్ ల గుర్తింపు నంబర్లు) ఎవరికీ ఇవ్వొద్దని చెప్తుంది అంతే, "ఇందులో సెక్యూరిటీ ఏటుందన్నా, ఏ ఇబ్బందీ లేదని ఒక్క లైన్ రాసిచ్చేస్తే సరిపోదా" అని. పనిలో పనిగా, ల్యాబ్ లో 65535 నంబర్ పెట్టి ఆడుకోవచ్చా అని కూడా అడిగావు, అది చివర్లో చెప్తాను.

ఒక్క లైన్ సరిపోవచ్చు. నేను నిజంగానే అంటున్నాను. ఈ ఆర్ఎఫ్సీలు తయారు చేసే ఐఈటీఎఫ్ అనే సంస్థలో సెక్యూరిటీ రివ్యూ చేసేవాళ్ళు కూడా ఇలాంటివాటికి రెండు మూడు లైన్లే రాస్తారు చాలాసార్లు. కాకపోతే వాళ్ళు ఆ రెండు లైన్లు రాసే ముందు బుర్రలో ఏం తిప్పుకుంటారో అదే నీ మార్కులు, ఆ తిప్పుకోడం గురించి చెప్తాను. నేను పర్లాకిమిడి వాణ్ణి, కేబుల్ నెట్ వాళ్ళకీ చిన్న ఐఎస్పీలకీ రూటర్లు పెట్టడం, అవి పడిపోతే అర్ధరాత్రి బండేసుకు వెళ్ళడం, 17 ఏళ్ళుగా ఇదే నా బతుకు, కాబట్టి పుస్తకం సమాధానం కాకుండా పని సమాధానమే వస్తుంది.

ముందు ఆ నంబర్ల సంగతి. ఇంటర్నెట్ లో ఒక్కో పెద్ద నెట్వర్క్ కి ఒక ఏఎస్ నంబర్ ఉంటాది, బీజీపీ అనే ప్రోటోకాల్ లో రూటర్లు "ఈ అడ్రెస్ బ్లాక్ కి నా ద్వారా రండి, దారిలో ఈ ఈ ఏఎస్ లు తగులుతాయి" అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. మొదట్లో ఆ నంబరు 16 బిట్లు, అంటే 0 నుంచి 65535. అవి అయిపోతాయని 2007 లో 32 బిట్లకి పెంచారు, అప్పుడు చివరి నంబరు 4294967295 అయ్యింది. 2014 జులైలో వచ్చిన 7300 చేసిందల్లా ఈ రెండు చివరి నంబర్లనీ, పాత వరసలో ఆఖరుదీ కొత్త వరసలో ఆఖరుదీ, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టడమే.

ఇప్పుడు మన భాషలో చెప్తాను. మా గజపతి జిల్లా రికార్డుల్లో గోచర్ అని ఉంటాది చూడు, మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్తే దాన్నే పోరంబోకు అంటారు. రికార్డులో రాసినంత మాత్రాన ఆ స్థలం ఖాళీగా ఉందని నువ్వు నమ్ముతావా? వెళ్ళి చూస్తే ఒకడు పాక వేసుంటాడు, ఇంకొకడు గడ్డివాము పెట్టుంటాడు, ఇంకొకడు కొబ్బరి మొక్కలు కూడా నాటేసి ఉంటాడు. ఆర్ఐ ఆఫీసులో కాగితం మారినందువల్ల నేల మీద ఏదీ మారదు, మారేది ఎప్పుడంటే ఎవరో ఒకరు ఆ కాగితం పట్టుకుని జేసీబీతో వచ్చినప్పుడు. నంబర్ రిజర్వేషన్ కూడా అచ్చం అంతే. అందుకే నీ రివ్యూలో మొదటి ప్రశ్న "ఈ నంబర్ని ఇప్పటికే ఎవరైనా వాడేస్తున్నారా", రెండోది "ఈ నంబర్ కనబడితే రూటర్ ఏం చేస్తుంది, ఏం చెయ్యమని ఈ డాక్యుమెంట్ చెప్తోంది". మిగతావన్నీ వీటి పిల్లలే.

మొదటిదానికి అసలైన ఉదాహరణ ఏఎస్ నంబర్లలో కాదు, బీజీపీ అట్రిబ్యూట్ నంబర్లలో ఉంది (అట్రిబ్యూట్ అంటే రూట్ తో పాటు తగిలించి పంపే అదనపు సమాచారం, ఒక్కో రకానికీ ఒక నంబరు). లార్జ్ కమ్యూనిటీ అని ఒక కొత్త అట్రిబ్యూట్ తయారు చేస్తున్నప్పుడు దానికి 30 అనే నంబర్ ఇచ్చారు, తీరా నెట్ మీద వదిలి చూస్తే కొన్ని చోట్ల ఆ రూట్లు మాయమైపోతున్నాయి, ఎందుకంటే ఒక రూటర్ కంపెనీ ఎవర్నీ అడక్కుండానే 30 ని తన సొంత పనికి ఎప్పట్నుంచో వాడేసుకుంటోంది, దాని రూటర్లకి ఈ కొత్త 30 చూస్తే చెడిపోయిన డేటాలా కనబడుతోంది. అసలు హక్కుదారుడు వచ్చేసరికి పాకలో మనుషులున్నారన్నమాట. చివరికి లార్జ్ కమ్యూనిటీకి 32 ఇచ్చి 2017 ఫిబ్రవరిలో 8092 గా అచ్చేశారు, దాని వెనకే 8093 అని ఇంకో చిన్న డాక్యుమెంట్ వచ్చింది, 30, 31, 129, 241, 242, 243 – ఈ ఆరింటినీ ఎవరో కబ్జా చేసేశారు, ఇక వీటిని ఎవరికీ ఇవ్వం అని. మీ సార్ ని అడిగి ఆ 8093 కూడా చదువు, నీకిచ్చిన దానికి తోడబుట్టినదే అది. కబ్జా చేసినోడికి శిక్ష లేదు, స్థలం మాత్రం పోయింది, మన దగ్గర జరిగేదే.

ఇక రెండో ప్రశ్న, రూటర్ ఏం చేస్తుంది అనేది. ఇక్కడే సెక్యూరిటీ అంతా ఉంది.

2006 జనవరి నాటి 4271 ఆర్ఎఫ్సీ ప్రకారం బీజీపీలో ఒక రూటర్ కి చెడిపోయిన అప్డేట్ (రూట్లు మోసుకొచ్చే సందేశం) వస్తే అది పక్క రూటర్ కి "తప్పు" అని ఒక నోటిఫికేషన్ పంపి సెషన్ ని, అంటే రెండిటి మధ్య నడిచే మాటల్ని, తెంచేస్తుంది. సెషన్ తెగితే ఆ పక్కవాడి నుంచి నేర్చుకున్న రూట్లన్నీ పోతాయి, ఒక్క తప్పు రూట్ కాదు, మొత్తం. మళ్ళీ సెషన్ లేస్తుంది, పక్కవాడు మళ్ళీ అన్నీ పంపుతాడు, అందులో ఆ తప్పుదీ ఉంటాది, మళ్ళీ తెగుతుంది, ఇలా రాత్రంతా. ఇంకా ఘోరం ఏంటంటే ఆ తప్పు అప్డేట్ పంపినోడు పక్కింటివాడు కానక్కర్లేదు, దేశం అవతల ఎక్కడో పుట్టి, దాన్ని అర్థం చేసుకోని రూటర్లు చేతులు మార్చుకుంటూ తెచ్చి నీ గుమ్మంలో పడేస్తాయి, దెబ్బ నీకూ నీ పక్కవాడికీ తగులుతుంది. అంటే ఒక నంబర్ కనబడగానే "ఇది ప్రోటోకాల్ ఎర్రర్" అని రాసిన డాక్యుమెంట్ ఏదైనా, తెలిసో తెలీకో దూరం నుంచి నొక్కే స్విచ్ ఒకటి తయారు చేసినట్టే.

ఊహించి చెప్తున్నాననుకోకు. 2010 ఆగస్టు 27 న యూరప్ వైపు ఇంటర్నెట్ నంబర్లు పంచే రైప్ ఎన్సీసీ వాళ్ళు డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి ఒక ప్రయోగం చేశారు, ఎవరూ వాడని అట్రిబ్యూట్ నంబర్ 99 పెట్టి ఒక రూట్ ప్రకటించారు, పూర్తిగా నియమాల ప్రకారమే. సిస్కో రూటర్లలో నడిచే ఐఓఎస్ ఎక్స్ఆర్ అనే సాఫ్ట్వేర్ లో ఒక బగ్ ఉంది, అది ఆ అట్రిబ్యూట్ ని పాడుచేసి ముందుకి పంపేసింది, తను హాయిగానే ఉంది, దాని పక్క రూటర్లు చెడ్డ డేటా వచ్చిందని సెషన్లు తెంచేశాయి. అరగంట లోపే ప్రయోగం ఆపేశారు గాని అప్పటికే చాలా చోట్ల నెట్ ఊగిపోయింది. ఇంకోటి మన పనికి ఇంకా దగ్గరది: అట్రిబ్యూట్ 28 అని ఒకటి ఉండేది, పనికిరాదని 2015 లో 7447 తో తీసేశారు, అంటే కాగితం మీద చచ్చిపోయిన నంబరు. 2023 జూన్ లో బ్రెజిల్ నుంచి ఒక చిన్న నెట్వర్క్ ద్వారా పాడైపోయిన 28 తగిలించుకున్న రూట్ ఒకటి బయటికొచ్చింది, ఆ చచ్చిన నంబర్ని ఇంకా చదవడానికి ప్రయత్నించే రూటర్లు సెషన్లు తెంచుకున్నాయి. ఎనిమిదేళ్ళ తర్వాత! కాగితం మీద కొట్టేసినంత మాత్రాన రూటర్ లో కోడ్ కొట్టెయ్యబడదు, ఈ వాక్యం కావాలంటే నీ రివ్యూలో నాది అని చెప్పకుండా వాడుకో.

ఈ జబ్బుకి మందు 2015 ఆగస్టులో 7606 రూపంలో వచ్చింది, చెడ్డ అప్డేట్ వస్తే వీలైనంత వరకు సెషన్ తెంపొద్దు, ఆ ఒక్క రూట్ ని వెనక్కి తీసుకున్నట్టు అనుకో, అని. అదే నెలలో వచ్చిన 7607 చూడు, అది ఏఎస్ నంబర్ 0 గురించి: దారిలో ఎక్కడైనా 0 కనబడితే ఆ అప్డేట్ చెడిపోయినట్టే లెక్క, 7606 చెప్పినట్టు మెత్తగా వదిలించుకో అంటుంది. ఇక నీ 7300 ఏమంటుందంటే, 65535 రిజర్వ్ అయినా బీజీపీ దృష్టిలో అది చెల్లే నంబరే, రూటర్ దాన్ని ప్రోటోకాల్ ఎర్రర్ గా చూడకూడదు, కావాలంటే కాన్ఫిగ్ లో ఎవరైనా టైప్ చేస్తే "బాబూ ఇది రిజర్వ్ నంబరు" అని లోకల్ గా హెచ్చరించొచ్చు, ఆపరేటర్లు దాన్ని ఫిల్టర్ చెయ్యాలి, బయటికి ప్రకటించకూడదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. సున్నాకి ఒక న్యాయం, ఆఖరి నంబర్ కి ఒక న్యాయం, రెండిట్లోనూ సెషన్ మాత్రం ప్రాణాలతో ఉంటుంది. 7300 రాసినవాళ్ళు ఒకవేళ "కనబడితే ఎర్రర్" అని ఒక్క ముక్క రాసుంటే ఆ డాక్యుమెంట్ కి సెక్యూరిటీ రివ్యూ పది పేజీలు అయ్యుండేది, రాయలేదు కాబట్టే రెండు లైన్లతో పోయింది. నువ్వు రాయాల్సిన అసలు మాట అదే, ఇబ్బంది లేదు అని కాదు, ఎందుకు లేదు అని.

సరే, అసలు 65535 ని ఎందుకు పక్కన పెట్టాలి అంటావా. కమ్యూనిటీలు అని ఉంటాయి, రూట్ కి కట్టే చీటీలనుకో, 1996 ఆగస్టు నాటి 1997 ఆర్ఎఫ్సీ (నంబరు 1997, సంవత్సరం 96, నేనూ మొదట్లో తికమకపడ్డాను) లో ఆ చీటీకి మొదటి సగం ఏఎస్ నంబరు, రెండో సగం వాడి ఇష్టం. మొదటి సగం 65535 ఉన్న చీటీలు మాత్రం అందరికీ ఒకే అర్థం: 65535:65281 అంటే ఈ రూట్ బయటి ఏఎస్ లకి చెప్పకు అని, 65282 అంటే అసలెవరికీ చెప్పకు అని. ఇప్పుడు 65535 ని నిజంగానే ఒక కంపెనీకి ఏఎస్ నంబరుగా ఇచ్చేశారనుకో, వాడు తన లెక్కల కోసం 65535:65281 అని ఏదో రాసుకుంటే ప్రపంచం దాన్ని వేరేగా చదువుకుంటుంది. తర్వాత 2016 అక్టోబర్ లో 7999 తో 65535:666 కూడా వచ్చింది, దాడి జరుగుతున్న అడ్రెస్ కి వచ్చే ట్రాఫిక్ ని బూడిదలో పోసెయ్ అని చెప్పే చీటీ. దీని సెక్యూరిటీ భాగం చదివితే నీకు తేడా తెలుస్తుంది. "ఈ నంబర్ ఎవరూ వాడొద్దు" అనేది ఒక రకం రిజర్వేషన్, "ఈ నంబర్ కనబడితే ఈ పని చెయ్యి" అనేది ఇంకో రకం, రెండోదాంట్లో ఎవడు చీటీ కట్టినా పని జరిగిపోతుందా, కట్టే హక్కు వాడికుందా, ఇంకా ముందుకి పాకిపోకుండా ఎవరు ఆపాలి, ఇవన్నీ లేస్తాయి. నీది మొదటి రకం అని ఒక వాక్యం రాయి.

4294967295 మాత్రం కోడ్ రాసేవాడి కోణంలో చూడు. 32 బిట్లూ ఒకట్లే. సైన్ ఉన్న పూర్ణాంకంగా చదివితే అది -1. "ఏమీ దొరకలేదు" అని చెప్పడానికి -1 పెట్టుకునే అలవాటు ప్రోగ్రామర్లకి ఎంతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. చివరిదానికి ఒకటి కలిపితే మళ్ళీ సున్నా. ఇలాంటి అంచు నంబర్ని ఒక నిజమైన నెట్వర్క్ కి ఇస్తే వాడి బతుకు నరకం, ప్రపంచంలో ఉన్న ప్రతి పాత కోడ్ బగ్ వాడి రూట్ల మీదే బయటపడుతుంది. నంబర్ అంచుల్లో ఎలాంటి చెత్త జరుగుతుందో 2009 ఫిబ్రవరి కథ ఒకటుంది, చెక్ దేశంలో ఒక చిన్న ప్రొవైడర్, మన కేబుల్ వాళ్ళు వాడే మైక్రోటిక్ రూటరే, దారి పొడవుగా కనబడాలని తన నంబర్ని ఎన్నిసార్లు రిపీట్ చెయ్యాలో అడిగే గడిలో పొరపాటున ఏఎస్ నంబరే టైప్ చేసేశాడు, 47868 అని. ఆ గడి 8 బిట్లే, 256 తో భాగిస్తే శేషం 252, సరిగ్గా 252 సార్లు రిపీట్ అయ్యింది. దారిలో ఇంకొన్ని కలిసి 255 దాటేసరికి పాత సిస్కో రూటర్లు తట్టుకోలేక సెషన్లు తెంచుకున్నాయి.

ఇప్పుడు నా కథ, ఎందుకంటే 7300 లో అందరూ చదవకుండా దాటేసే ఒక లైన్ నాకు ఇలాగే బోధపడింది.

వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరి కేబుల్ ఆపరేటర్, పేరెందుకులే, నా కస్టమర్ దగ్గర్నుంచి నెట్ తీసుకునేవాడు. వాడికి సొంత అడ్రెస్ బ్లాక్ ఉంది, సొంత ఏఎస్ నంబర్ లేదు, ఎప్పుడో ఎవరో కుర్రాడు వచ్చి "ఆఖరి నంబర్ అయితే ఎవడూ వాడడు" అని 65535 పెట్టి పోయాడు. మా రూటర్ లో ప్రైవేట్ ఏఎస్ లని (లోపల వాడుకోడానికే తప్ప బయటికి పోకూడని నంబర్లు) తీసేసి పైకి పంపే కమాండ్ ఉంది, ఏళ్ళ తరబడి ఏ గొడవా లేదు. ఎందుకు లేదంటే, 1996 నాటి 1930 ఆర్ఎఫ్సీలో ప్రైవేట్ నంబర్లు 64512 నుంచి 65535 దాకా అని రాశారు, మా పాత డబ్బా దాన్ని నమ్మి 65535 ని కూడా చెరిపేసేది. 2013 జులైలో 6996 వచ్చి ప్రైవేట్ అంటే 65534 వరకే అంది, తర్వాత ఏడు 7300 వచ్చి, ప్రైవేట్ నంబర్లు చెరిపే పనిముట్లలో ఈ ఆఖరి నంబర్లని కలపొద్దు అంది. మేం రూటర్ మార్చాం. కొత్తది బుద్ధిమంతురాలు, 65535 ని ముట్టుకోలేదు, దారిలో అలాగే ఉంచి పైకి పంపింది.

మాకు పైన రెండు లింకులు, ఒకటి భువనేశ్వర్ వైపు, ఒకటి వైజాగ్ వైపు. భువనేశ్వర్ వైపు వాళ్ళు బోగస్ ఏఎస్ ఫిల్టర్, అంటే దారిలో ఉండకూడని నంబరు కనబడితే ఆ రూట్ ని పారేసేది, పెట్టుకున్నారు (2016 లో ఎన్టీటీ లాంటి పెద్దవాళ్ళు మొదలుపెట్టాక చాలామంది పెట్టారు), వాళ్ళు ఆ రూట్ ని మౌనంగా పారేశారు. వైజాగ్ వైపు ఫిల్టర్ లేదు కాబట్టి అంతా అటు నుంచి నడిచిపోయింది, ఎవరికీ ఏమీ తెలీలేదు. సరిగ్గా మెట్రిక్ రిజల్ట్స్ రోజు రోడ్డు పనిలో వైజాగ్ ఫైబర్ తెగింది. మా మిగతా కస్టమర్లందరూ భువనేశ్వర్ మీదకి మారిపోయారు, ఈ ఒక్క ఊరు మాత్రం చీకటి. ఆపరేటర్ ఫోన్ చేసి "అన్నా ఊరంతా నా ఇంటి ముందే ఉంది, పిల్లల మార్కులు చూపించమంటున్నారు, ఏటి చెయ్యను" అని ఒకటే గోల. లింకు బాగుంది, మా రూటర్ లో రూట్ బాగుంది, పైకి పంపుతున్నట్టే కనబడుతోంది, అటు లేదు. రెండు గంటలు పట్టింది నాకు ఆ పాత్ లో (దారిలో తగిలే ఏఎస్ ల వరస) ఐదు అంకెల నంబర్ని కళ్ళు తెరిచి చూడ్డానికి. అప్పటిదాకా ఏఎస్ పాత్ చూస్తూనే ఉన్నాను, 65 తో మొదలైతే ప్రైవేటే కదా అని బుర్ర దాటేస్తోంది.

ఇందులో దాడి చేసినోడు ఎవడూ లేడు చూడు. డాక్యుమెంట్ తప్పు కూడా కాదు. పాత నియమం, కొత్త నియమం, రెండు పెట్టెలు, ఒక ఫిల్టరు. అందుకే నీ రివ్యూలో "రేంజ్ అంచులు" అని ఒక పేరా పెట్టు, 65534 ఎవరిది, 65535 ఎవరిది, 65536 ఎవరిది (అది ఉదాహరణల కోసం పెట్టిన నంబరు, 5398 చూడు), పాత డాక్యుమెంట్ కీ కొత్తదానికీ మధ్య అర్థం మారిన నంబర్ ఏదైనా ఉందా, ఉంటే మధ్యకాలంలో ఎవరు మునుగుతారు.

ఫిల్టర్ గురించి నా సొంత అభిప్రాయం ఒకటి. బోగస్ ఏఎస్ ఫిల్టర్ దొంగని పట్టదు, తాగి తూలేవాడిని పడుతుంది. నిజంగా రూట్ కొట్టెయ్యాలనుకున్నోడు పాత్ లో 65535 పెట్టుకుని వస్తాడా, మర్యాదస్తుడి నంబరే దొంగిలించి పెట్టుకుంటాడు, బీజీపీ అడగదు కదా. 2003 ఏప్రిల్ 1 న సరదాగా ఒక ఆర్ఎఫ్సీ వదిలారు, 3514, చెడ్డ ఉద్దేశంతో పంపే ప్యాకెట్లలో ఒక బిట్ ని 1 చెయ్యాలి అని, హ్యాకర్లు నిజాయితీగా చేస్తే ఫైర్వాల్ పని తేలికవుతుందట. రిజర్వ్ నంబర్ ఫిల్టర్ ని భద్రత అని చెప్పుకునే ప్రతివాడికీ ఆ జోక్ చదివించాలి. ఫిల్టర్ పెట్టాలి, నేను అందరికీ పెడతాను, కానీ అది ఇల్లు ఊడ్చుకోడం లాంటిది, తాళం వెయ్యడం వేరు, తాళం కావాలంటే ఆర్పీకేఐ వైపు వెళ్ళాలి, అంటే ఏ అడ్రెస్ బ్లాక్ ని ఎవరు ప్రకటించొచ్చో డిజిటల్ సంతకంతో చెప్పే పద్ధతి. ఆ తాళంలో కూడా రిజర్వ్ నంబరే పనికొచ్చిన చోటొకటి ఉంది, సున్నా. ఒక అడ్రెస్ బ్లాక్ సొంతదారు "దీన్ని ప్రకటించే హక్కు ఏఎస్ 0 కి మాత్రమే" అని సంతకం పెడితే, ఏఎస్ 0 నిజంగా ఎవరూ కాదు కాబట్టి, ఎవడు ప్రకటించినా చెల్లదు. ఆసియా పసిఫిక్ వైపు అడ్రెస్ లు పంచే ఏప్నిక్ వాళ్ళు 2020 నుంచి ఇంకా ఎవరికీ ఇవ్వని అడ్రెస్ లకి ఇలాగే చేస్తున్నారు. సున్నాని పక్కన పెట్టి ఉంచారు కాబట్టే ఇది కుదిరింది.

ఇక రాసేటప్పుడు, 2003 నాటి 3552 ఒకసారి తిరగెయ్, సెక్యూరిటీ భాగంలో ఏం ఉండాలో అందులో ఉంది, అంతా చదవక్కర్లేదు, బెదిరింపులు లెక్కపెట్టే భాగం చాలు. నీ రివ్యూ ఒకటిన్నర పేజీ చాలు. తీగ మీద వెళ్ళే బిట్ ఏదీ మారలేదు, సెషన్ తెంపమని చెప్పలేదు, లోకల్ హెచ్చరికకి ఒప్పుకుంది, ఆపరేటర్లని ఫిల్టర్ చెయ్యమంది, ప్రైవేట్ చెరిపే పనిముట్లతో కలపొద్దంది, ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఫిల్టర్ల వల్ల చీకట్లో పడొచ్చు, సాఫ్ట్వేర్ లో పాత బగ్గులు ఈ అంచు నంబర్ల వల్ల బయటపడొచ్చు కానీ అవి ఈ డాక్యుమెంట్ పుట్టించినవి కావు. దీని తర్వాత "సిద్ధంగా ఉంది" అని రాసి సంతకం పెట్టు, మీ సార్ ఏమీ అనలేరు.

ల్యాబ్ లో 65535 పెడితే చాలా రూటర్లలో సెషన్ లేస్తుంది, కొన్ని టైప్ చేస్తేనే తిడతాయి, ఏది తిడుతుందో చూసి రాసుకుంటే నీ రివ్యూకి అదే మంచి సరుకు. రోజూ ఆడుకోడానికి మాత్రం 64512 నుంచి 65534 లోపు ఏదో ఒకటి వాడు. ఒకే నంబర్ రెండు చోట్ల పెట్టకు, పెడితే రెండోవాడు తన నంబరే పాత్ లో చూసి ఇది తిరిగొచ్చిన నా రూటే అనుకుని పారేస్తాడు, అప్పుడది కోటియా ఊళ్ళ గొడవే, రెండు రాష్ట్రాలూ మాదే అంటాయి, నువ్వు మధ్యలో రెండు కార్డులు పట్టుకుని కూర్చుంటావు. నీ రూటర్ సిమ్యులేటర్ ఏదో, వెర్షన్ ఏదో కూడా రాయి, ప్రైవేట్ చెరిపే కమాండ్ దాంట్లో 65535 ని ముడుతుందో లేదో నాకూ చూడాలనుంది.